చేప ఎటు చూస్తోంది

ఏప్రిల్ 17, గురువారం

పుట్టింది! మా అమ్మాయి సొందొస్ కనిపెట్టిన నౌరస్ యంత్రం ఇంకొకటి పుట్టింది. ఎక్కడో మొరాకోలో, ఫెజ్‌లో, మా పిల్ల చెయ్యి పడకుండా, కనీసం ఫోన్లో ఒక మాట సాయం కూడా లేకుండా దానంతటది పుట్టినట్టు పుట్టింది.

పొద్దున నేను మగ్గం మీద ఉన్నాను. సొందొస్ చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి వచ్చి ఫోన్ నా మొహం ముందు పెట్టింది. కళ్ళజోడు లేదు, నాకేం కనబడుతుంది. తనే చదివి వినిపించింది. రాసినావిడ పేరు బతూల్. ఫెజ్‌లో పెళ్ళికూతుళ్ళ నడుముకట్లు నేసే కార్ఖానా ఆవిడది. నౌరస్ ఒకటి కొనుక్కుందామని డబ్బు దాచుకుని, తీరా రాసేసరికి మా పిల్ల కంపెనీ మూతపడి ఉంది. వేరెవరైనా అయితే ఊరుకునేవాళ్ళు. ఈవిడ ఊరుకోలేదు. సొందొస్ అందరికీ ఊరికే ఇచ్చేసిన నక్షాలు తెప్పించుకుని, లిఫ్టులు బాగుచేసే తన మరిదిని కూర్చోబెట్టి, సొంతంగా కట్టించుకుంది. కంప్యూటరు తెర వెలిగిందట. మగ్గానికి తగిలించడమే మిగిలిందట.

నేను మగ్గం దిగి పిల్ల నుదురు ముద్దు పెట్టుకున్నాను. తర్వాత కాఫీ అంగడికి వెళ్ళి అక్కడున్న అందరికీ కాఫీ చెప్పాను. మా ఆవిడ తమ్ముడు తౌఫీక్ కూడా ఉన్నాడు, నా కాఫీయే తాగుతూ నన్నే ఎత్తిపొడిచాడు. "లైటు వెలిగితే యంత్రమేనా బావా? మా ఫ్రిజ్‌లోనూ వెలుగుతుంది."

తాగనీ. ఇవాళ వాడి మాట కూడా తియ్యగానే ఉంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఈ డైరీ అట్ట చూస్తే నవ్వొస్తుంది. కంపెనీ పేరు బంగారు అక్షరాల్లో మెరిసిపోతుంటుంది. డైరీలు డిసెంబరులో అచ్చయ్యాయి, కంపెనీ జనవరిలో పోయింది. రెండు పెట్టెల నిండా మిగిలాయి. సొందొస్ పారేస్తానంటే నేను ఒకటి తీసుకున్నాను. ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి, నాకెందుకు డైరీ అంటే, కాగితం బాగుంది అన్నాను. కాగితం నిజంగానే బాగుంది.

కంపెనీ పోవడం గురించి నాకు పెద్ద బాధేం లేదు. భాగస్వాములకి ఓపిక లేదు, అంతే. పట్టు నేసేవాళ్ళకి మాత్రమే పనికొచ్చే కంప్యూటరు ఎన్ని అమ్ముడవుతాయి? మా ఊరు మహ్దియాలో కొన్ని, స్ఫాక్స్‌లో కొన్ని, అల్జీరియాలో తెలిసినవాళ్ళు ఒకరిద్దరు. ఇంకెవరికి కావాలి? కానీ కావలసినవాళ్ళకి అది లేకపోతే చెయ్యి విరిగినట్టే. పువ్వుల నేతకి మగ్గానికి ఎక్కించే చిల్లుల అట్టలు, జకార్డు అట్టలు, కొట్టే అబ్దెల్లతీఫ్ పోయినప్పుడు మా ఊళ్ళో మగ్గాలు మూగబోయాయి, నాది కూడా. అప్పుడు కదా నా పిల్ల ఇది కనిపెట్టింది. తెర మీద పువ్వు గీస్తే చాలు, ఏ పోగు లేవాలో నౌరస్ పెట్టె మగ్గానికి చెబుతుంది. అట్టలతో పని లేదు.

ఇంకో సంగతి. మేం బట్టని బోర్లా నేస్తాం. నేసేటప్పుడు మా కళ్ళ ముందు ఉండేది బట్ట వీపు, మొహం కిందికి ఉంటుంది. అందుకని నౌరస్ తెర మీద కూడా వీపే కనబడేలా చేసింది మా అమ్మాయి. బాబాకి అలవాటైనట్టే ఉండాలి అంది. ప్రపంచంలో ఏ తండ్రికైనా ఇలా కంప్యూటరు కుట్టించి ఇచ్చారా? చొక్కా కుట్టించినట్టు కుట్టించి ఇచ్చింది.

ఏప్రిల్ 20, ఆదివారం

సూస్ నుంచి ఆ విదేశీ యంత్రాలు అమ్మే వ్యాపారి మళ్ళీ వచ్చాడు. నా మిత్రుడు ఖ్మయ్యిస్ కార్ఖానాలో కూర్చుని బాదం పప్పు తింటూ ఒకటే పాట. నౌరస్‌ని కన్నవాళ్ళే చేతులెత్తేశారు, అది అనాథ, ఏ రోజు ఆగిపోతే ఆ రోజు మీ పని అయిపోయింది, ఈ నెలాఖరులోగా పాతది నాకిచ్చి విదేశీది తీసుకోండి, తర్వాత ఈ మార్పిడి ఉండదు. ఆ విదేశీదానికి ఏటా కంపెనీ వాళ్ళు తాళంచెవి లాంటిది పంపాలట. పంపకపోతే తెరుచుకోదట. అలాంటి దాన్ని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా?

ఖ్మయ్యిస్ నా వైపు చూడలేదు. వాడి నౌరస్ పెట్టె నెల రోజులుగా కీచుమంటోంది. లోపల కీచుమనే ఆ భాగం ఇప్పుడు ఎక్కడా దొరకదు.

సాయంత్రం సొందొస్‌కి ఇదంతా చెప్పాను. తను అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. ఫెజ్ వాళ్ళది నేస్తే, ఇక ఎవరైనా ఎక్కడైనా కట్టుకోవచ్చు, భాగాలు దొరకకపోతే వేరేవి వేసుకోవచ్చు, అప్పుడు ఎవరూ ఏదీ మార్చుకోనక్కర్లేదు. నెయ్యకపోతే తనే అందరికీ రాస్తుందట, మార్పిడికి ఒప్పుకోమని. నన్ను నమ్మినవాళ్ళు పెళ్ళిళ్ళ సీజన్ మధ్యలో ఆగిపోతే వాళ్ళ మొహం ఎలా చూడను అంది.

నేనన్నాను, నువ్వున్నావు కదమ్మా, ఏదైనా ఆగితే నువ్వే వెళ్ళి చూస్తావు.

"నేను లేకపోయినా నడవాలి బాబా. నేనుంటేనే నడిచేదైతే అది యంత్రం కాదు, చంటిపిల్ల."

ఎంత మాటంది. కంపెనీ పెట్టిన రోజు అది ఇచ్చిన ఉపన్యాసంలో కూడా ఇంత మంచి మాట లేదు.

ఏప్రిల్ 22

ఫెజ్ నుంచి ఏమీ లేదు. మంచిదే. తొందరపడి చేసే పని కాదు.

ఏప్రిల్ 23, బుధవారం

ఏమీ లేదు.

తగిలించడంలోనే ఉందట కష్టమంతా. మగ్గం కొక్కేలకీ పెట్టె తీగలకీ జత కుదరాలి. స్ఫాక్స్‌లో ఇద్దరు ఇలాగే నక్షా చూసి కట్టారు, అక్కడే బోల్తా పడ్డారు. కొత్త నౌరస్ ఏదైనా మొట్టమొదట ఒక చేపని నెయ్యాలి, సొందొస్ గీసిన చేప. తల కుడివైపుకి రావాలి. స్ఫాక్స్ వాళ్ళకి ఎడమకి వచ్చింది. అంటే తీగలు చివరినుంచి మొదటికి తిరగేసి తగిలించారన్నమాట. రెండు రోజుల్లో పెట్టె కాలి పొగ వచ్చింది. చేప ఎటు చూస్తోందో ఒక్కటి చూస్తే చాలు, యంత్రం బతుకుతుందో లేదో చెప్పెయ్యొచ్చు అంటుంది సొందొస్.

కుడివైపే చూస్తుంది. నాకు తెలుసు.

ఏప్రిల్ 24, గురువారం

ఫొటో వచ్చింది.

సొందొస్ మెసేజి వరకు చూసి, ఫొటో తెరవకుండా ఫోన్ నా చేతిలో పెట్టింది. నువ్వు చూడు బాబా, నావల్ల కాదు, తల ఎటుందో ఒక్క మాట చెప్పు చాలు అని అటు తిరిగి నిలబడింది. కళ్ళజోడు తుడుచుకున్నాను. మళ్ళీ తుడుచుకున్నాను. ఎర్ర పట్టు మీద జరీ చేప, ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. పొలుసులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

ఎడమకి ఉంది.

ఎడమకి అని చెప్పాను. సరే అంది. వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఇద్దరికి కావలసిన దానికంటే చాలా ఎక్కువ తరిగింది.

ఖ్మయ్యిస్‌ని పిలిచి చూపించాను. వాడూ నాలాగే పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గం మీద ఉన్నవాడే. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. ఎడమే అన్నాడు. పోతూ పోతూ వ్యాపారి ఫోన్ నంబరు నా దగ్గర ఉందా అని అడిగాడు. లేదన్నాను.

ఏప్రిల్ 25

మళ్ళీ చూశాను. ఎడమే.

ఏప్రిల్ 26, శనివారం

నాకేం దిగులు లేదు. ఇవాళ పడుగు నాలుగు చోట్ల తెగింది. దారం మంచిది కాదు.

సొందొస్ ఫెజ్ ఆవిడకి మర్యాదగా రాసింది. మీ శ్రమకి రుణపడి ఉంటాను, కానీ చేప తిరగబడింది, తీగలు తప్పు చివరినుంచి తగిలాయి, పెట్టె కాలిపోతుంది, దయచేసి ఆపెయ్యండి అని. జవాబు ఒకటే మాట వచ్చింది. "వస్తున్నాను."

ఇద్దరం దాన్ని చాలాసేపు చూశాం. ఎక్కడికి వస్తోంది? ఎందుకొస్తోంది? తిట్టడానికా? తర్వాత ఇంకో మెసేజి: చేతిపనుల సంత కోసం తూనిస్‌లోనే ఉందట, సోమవారం మా ఊరికి వస్తుందట. ఫెజ్ నుంచి వచ్చే మనిషికి ఏం వండాలి? మా కారం వాళ్ళు తినలేరంటారు.

తౌఫీక్ వచ్చాడు. సొందొస్‌కి సూస్‌లో మంచి ఉద్యోగం చూశాడట. ఎక్కడయ్యా అంటే, ఆ వ్యాపారి దగ్గరేనట, ఆ విదేశీ యంత్రాలు అమ్మిపెట్టే పని. పిల్ల బాగు కోరే చెబుతున్నాను బావా అన్నాడు. నిజంగానే బాగు కోరే చెప్పాడు, అదే నాకు కష్టంగా ఉంది. సొందొస్ ఆలోచిస్తాను మావయ్యా అంది.

ఆలోచిస్తానంది! ఊరికే మర్యాదకి అని ఉంటుంది.

ఏప్రిల్ 27, ఆదివారం

సొందొస్ నౌరస్ ఉన్నవాళ్ళందరికీ పంపే ఉత్తరం రాసింది. చదివి వినిపించింది. "నౌరస్‌ని నేను చేశాను. నా తర్వాత అది నిలబడుతుందని మీకు మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను. సమయం ఉండగానే మార్చుకోండి." అంతే. ఇంకేం లేదు. ఎలా ఉంది బాబా అని అడిగింది. అక్షరాలు బాగున్నాయన్నాను.

రేపు బతూల్ వచ్చి వెళ్ళేదాకా ఆగమన్నాను. సరే, ఆవిడ మొహం చూసి చెప్పాకే పంపుతాను అంది.

చేపలు తెచ్చాను. మంచివి దొరికాయి.

ఏప్రిల్ 28, సోమవారం

అక్షరాలు గంతులేస్తున్నాయి, వేయనీ. మొదటినుంచీ రాస్తాను, ఒక్క ముక్క వదలను.

మధ్యాహ్నం షేర్ టాక్సీ దిగి వచ్చింది బతూల్, వాళ్ళ ఊరి మర్యాదలో చెప్పాలంటే లల్లా బతూల్. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. గుమ్మంలో నిలబడి సొందొస్‌ని పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా? ఇంత పీలగా ఉన్నావు. నక్షాలు మాత్రం ఇంత లావున రాశావు. మా మరిదికి చదివి చదివి మెడ పట్టేసింది."

సొందొస్ లోపలికి రమ్మంది. భోజనం పెట్టాం. చేపలు వేసి వండిన గోధుమరవ్వ కుస్‌కుస్ చూసి ఇంత ఎర్రగా ఎందుకుంది, మా ఊళ్ళో ఇలా చేస్తే పెళ్ళి తప్పిపోతుంది అంది. అని మూడుసార్లు వడ్డించుకుంది. ప్రతిసారీ కళ్ళు తుడుచుకుంటూనే. ఖ్మయ్యిస్ కూడా వచ్చి కూర్చున్నాడు, ఫెజ్ మనిషి ఎలా ఉంటుందో చూడ్డానికి. తిన్నంతసేపూ ఎవరూ చేప మాట ఎత్తలేదు, పళ్ళెంలో చేప తప్ప.

చేతులు కడుక్కున్నాక సొందొస్ మొదలుపెట్టింది. తీగలు ఏ చివరినుంచి లెక్కపెట్టాలో నక్షాలో తను ఇంకా స్పష్టంగా రాయవలసింది, తప్పు మీది కాదు, నాది, అని. లల్లా బతూల్ వింటూనే సంచిలోంచి తువ్వాలు మడత తీసింది. మడతలోంచి బట్ట తీసి, సొందొస్‌కి ఇవ్వలేదు, నా చేతిలో పెట్టింది. మీరు నేతగాడు కదా, మీరు చూడండి అంది.

నేను ఏమీ చెయ్యలేదు. నిజం చెబుతున్నాను, నా చేతులే చేశాయి. ఏ బట్ట చేతికొచ్చినా పుట్టుకతో ఉన్న అలవాటు, ముందు తిరగేసి వీపు చూస్తాను. తిరగేశాను.

చేప కుడివైపు చూస్తోంది.

మళ్ళీ తిరగేశాను. ఎడమ. మళ్ళీ. కుడి.

"ఏం చేస్తున్నారు సీ షాద్లీ?" అంది ఆవిడ, నా పేరుకి మర్యాద తగిలించి.

"వీపు చూస్తున్నాను."

"మీ ఊళ్ళో పెళ్ళికూతుర్ని వెనకనుంచి చూసి ఖాయం చేసుకుంటారా?"

ముందు నవ్వింది ఖ్మయ్యిసే. వాడు గోడకి ఆనుకుని నవ్వుతూ కింద కూర్చుండిపోయాడు. ఫొటోలో ఆవిడ చూపించింది బట్ట మొహం. ఎవరైనా మొహమే కదా చూపిస్తారు. తల కుడికి రావాలన్న మా లెక్క వీపు వైపుది. జీవితమంతా బట్టలకి వీపు తప్ప చూడని ఇద్దరు ముసలాళ్ళు మేం, మొహం చూసి తిరగబడిందన్నాం! ఇంత పని ఇంకెవరు చేస్తారు, చెప్పండి. బట్టలు అమ్మేవాడు చెయ్యడు, కొనుక్కునే పెళ్ళికూతురు చెయ్యదు, ఇంజనీరు చెయ్యడు. మేమే చేస్తాం.

నేను పిల్ల వైపు చూశాను. తను నవ్వలేదు. నా చేతిలోంచి బట్ట తీసుకుని చాప మీద కూర్చుంది. చేప తల మీద వేలు పెట్టి, తోక దాకా జరుపుకుంటూ వెళ్ళి, మళ్ళీ తల దగ్గరికి వచ్చింది. అప్పుడు అడిగింది, ఆపెయ్యమని రాశాను కదా, ఆపేశారా అని.

"ఎందుకాపుతాను? మా మరిది ఆపుదామన్నాడు, ఇంజనీరమ్మ చెప్పింది కదా అని. నేనే ఒప్పుకోలేదు. అది కాలడం లేదు, వాసన రావడం లేదు, నేసిన బట్ట నేసినట్టు దిగుతోంది. ఇవాళ కూడా నేస్తూనే ఉంది."

సొందొస్ బట్టని మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. లల్లా బతూల్ నా వైపు చూసి, ఊరుకోండి, ఏమీ అనకండి అన్నట్టు చెయ్యి ఊపింది. నేను మాత్రం ఏమంటాను, నా కళ్ళజోడు నాకే కనబడటం లేదు.

తర్వాత ఇంజనీర్ల మాటలు మొదలయ్యాయి. ఆవిడ ఫోన్లో పెట్టె లోపలి ఫొటోలు చూపించింది. ఖ్మయ్యిస్ దాంట్లో కీచుమనే ఆ భాగం, ఎక్కడా దొరకనిది, వాళ్ళకీ దొరకలేదట. మరిది లిఫ్టుల్లో వాడేది తెచ్చి దాని చోట పెట్టాడు. సొందొస్ మొహం ముడుచుకుంది. ఇది నా పద్ధతి కాదు అంది. ఫొటోని పెద్దది చేసి చూసింది. ఇంకా పెద్దది చేసింది. చాలాసేపటికి, నా దానికంటే బాగుంది అంది.

ఆ ఒక్క మాట అనడానికి దానికి ఎంత పట్టిందో నాకు తెలుసు. చిన్నప్పుడు చదరంగంలో నా చేతిలో ఓడిపోయినా ఒప్పుకునేది కాదు.

వాళ్ళ దేశంలోనే సలేలో ఇంకో కార్ఖానా వాళ్ళు కూడా ఒకటి కావాలన్నారట. నువ్వు రానక్కర్లేదమ్మా, మేమే కట్టిపెడతాం, పేరు మాత్రం నౌరస్ అనే ఉంచొచ్చా అని అడిగింది లల్లా బతూల్. నడక వచ్చిన పిల్ల తన వేలు వదిలి ఇంకెవరి వైపో అడుగులేస్తుంటే తల్లి మొహం ఎలా ఉంటుంది? సంతోషం, ఇంకోటేదో. నేను చూశాను. ఉంచండి అంది సొందొస్ చివరికి. అని ఫక్కున నవ్వింది. నెల తర్వాత విన్నాను ఆ నవ్వు. నెల కాదు, జనవరి తర్వాత ఇదే.

లిఫ్టు భాగం ఒకటి సంచిలో తెచ్చింది ఆ మహాతల్లి, నమూనాకి. నలుగురం ఖ్మయ్యిస్ కార్ఖానాకి వెళ్ళాం, మోకాళ్ళ వల్ల మెల్లగా. సొందొస్ వాడి పెట్టె విప్పి దాన్ని బిగించింది. కీచుమనడం ఆగింది. ఖ్మయ్యిస్ చెవి ఆనించి విన్నాడు. ఏమీ వినబడటం లేదే, చచ్చిపోయిందా అన్నాడు. నాడె వేసి ఒక వరస నేసి చూసుకోమంది సొందొస్. వేశాడు. పువ్వు దిగింది. ఇంకోటి దిగింది.

వాడు నా మెడ చుట్టూ చెయ్యి వేసి, వ్యాపారి నంబరు నీ దగ్గర లేకపోవడం మంచిదైంది అన్నాడు. ఉన్న సంగతి నేను చెప్పలేదు.

ఇంటికొచ్చి సొందొస్ నిన్నటి ఉత్తరం తుడిచేసింది. కొత్తది రాసి మా ముందే అందరికీ పంపింది. "ఏదీ మార్చుకోకండి. నౌరస్‌ని ఇప్పుడు నేనొక్కదాన్నే చెయ్యడం లేదు. భాగాలకి నన్నడగండి, లేదా ఫెజ్‌లో అడగండి." సూస్ ఉద్యోగం సంగతి అడగబోయి మానేశాను. తనే అంది, మావయ్యకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా అని. నేనే చెబుతానన్నాను. ఆ సంతోషం నాకు వదిలెయ్యమ్మా అన్నాను.

లల్లా బతూల్ ఇవాళ ఇక్కడే పడుకుంటుంది. నిద్రలో గురక పెడుతుందని ముందే చెప్పింది, పెట్టనీ, ఇల్లు నిండుగా ఉంటుంది.

చెప్పవలసినవాళ్ళు:

నజీహా అక్క, స్ఫాక్స్. ఏడుస్తుంది. ముందు కూర్చోమని, తర్వాత చెప్పాలి.

తౌఫీక్. మర్యాదగానే చెప్పాలి. పిల్ల బాగు కోరినవాడు. కాఫీ వాడే ఇప్పించాలి కానీ.

ఫెర్జానీ అన్నయ్య. చెవులు పనిచెయ్యవు, పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్ళాలి. కాగితం బాగుంది కాబట్టి ఇందులోంచే ఒకటి చించుతాను.

చెల్లెలు హబీబా. దీనికి ఆఖర్న చెప్పాలి. ముందే చెబితే చెప్పడానికి నాకెవరూ మిగలరు.

మా ఆవిడ కమర్. శుక్రవారం సముద్రం గట్టుకి వెళ్ళి, సమాధి దగ్గర కూర్చుని, తీరిగ్గా. చేప సంగతి కూడా చెప్పాలి, నవ్వుతుంది.

ఇద్రీస్, ఫెజ్. లల్లా బతూల్ మరిది. అందరికంటే ముందు ఈయనకే చెప్పాలి. చేప తిరగబడిందని మేం రాసినప్పటి నుంచి ఆ మనిషి రొట్టె ముట్టలేదట, నక్షాలు ముందేసుకుని తప్పెక్కడుందో వెతుకుతూనే ఉన్నాడట. నేను చెప్పను, తప్పు మీ కళ్ళది, మీరే చెప్పుకోండి అంది ఆవిడ. నంబరు రాసిచ్చింది. మొహం కూడా చూడని మనిషిని ఏమని పిలవాలా అని ఇందాకట్నుంచి ఆలోచిస్తున్నాను. మా ఇంటి బిడ్డ నౌరస్ వాళ్ళింట్లో కాపురం చేస్తోంది, ఇక ఆలోచించేదేముంది.

వియ్యంకుడు గారూ, భోంచెయ్యండి, అంటాను.